సైకిలు చేసిన ఇళ్లు



2020 జూన్ 3. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ప్రపంచ సైకిలు దినం. ఆ పొద్దున ఢిల్లీకి ఆనుకుని ఉన్న సాహిబాబాద్‌లో అట్లాస్ సైకిళ్ల ఫ్యాక్టరీకి పనికి వచ్చిన కార్మికులకు గేటు దగ్గర నోటీసు కనిపించింది. ముడిసరుకు కొనడానికి కూడా డబ్బుల్లేవు, కాబట్టి మీకు లే-ఆఫ్ అని దాని సారాంశం. లాక్‌డౌన్‌లో ఇళ్లలో కూచుని, మళ్లీ పని మొదలైందని ఊపిరి పీల్చుకుంటున్న మనుషులు వాళ్లు, వందల మంది. కావాలని ఆ తేదీ పెట్టుకున్నారని నేననుకోను. క్యాలెండరు చూసే తీరిక కూడా యాజమాన్యానికి ఉండి ఉండదు.

అప్పటికే ఆ కంపెనీకి మధ్యప్రదేశ్‌లోని మాలన్‌పూర్ ఫ్యాక్టరీ 2014లో, హర్యానాలోని సోనీపట్ ఫ్యాక్టరీ 2018లో పోయాయి. సాహిబాబాద్‌ది చివరిది.

మన నెల్లూరు జిల్లా సముద్రపు ఊళ్లలో, అటు తుమ్మలపెంట నుంచి ఇటు మైపాడు, కోడూరు, కృష్ణపట్నం దాకా, యాభై దాటినవాళ్లు ఆ వార్త విని "అట్లాసా?" అని ఒక్క క్షణం ఆగి ఉంటారు. భూగోళాన్ని భుజాన మోస్తున్న మనిషి బొమ్మ హ్యాండిలు కింద బిగించిన నల్ల సైకిలు కళ్లముందు మెదిలి ఉంటుంది. అల్లుడికి సైకిలు, వాచీ, రేడియో పెట్టడం గొప్పగా చెప్పుకున్న రోజులు మనకు మరీ దూరం కావు. ఆ మూడింటిలో రేడియో గతి ఏమైందో ఈ రేడియో స్టూడియోలో కూచుని నేను మాట్లాడకపోవడమే మర్యాద. సైకిలు సంగతి మాట్లాడుకుందాం.

అట్లాస్ మూతపడ్డప్పుడు చాలామంది తేలిగ్గా తేల్చేశారు: మోటారు బళ్లొచ్చాయి, సైకిలు తొక్కేవాళ్లు లేరు, కంపెనీ పోయింది అని. ఆ లెక్క నాకు కుదరలేదు. అదే 2020లో, కరోనా భయానికి బస్సులూ రైళ్లూ ఎక్కలేని జనం సైకిళ్ల కోసం ఎగబడితే, అమెరికాలో, ఐరోపాలో దుకాణాల్లో సరుకు అయిపోయింది. డబ్బు చేతిలో పట్టుకుని నెలల తరబడి ఎదురుచూసినవాళ్లున్నారు. మన దేశంలోనే లూధియానాలో హీరో సైకిల్స్ నడుస్తూ ఉంది. చెన్నైలో మురుగప్ప కుటుంబంవాళ్ల టీఐ సైకిల్స్ నడుస్తూ ఉంది. కొనేవాళ్లుండగా అమ్మేవాడు మునిగాడంటే కారణం వేరే ఉండాలి. అది వెతకాలంటే, అట్లాస్ కంటే చాలా ముందే ఇదే దారిన పోయిన ఒక అమెరికా ఇంటి దగ్గరికి పోవాలి.

ఆ ఇంటిపేరు ష్విన్. ఇగ్నాజ్ ష్విన్ జర్మనీలో పుట్టాడు. 1891లో అమెరికా వెళ్లి, 1895లో షికాగోలో మాంసం వ్యాపారి అడాల్ఫ్ ఆర్నాల్డ్ పెట్టుబడితో సైకిళ్ల కంపెనీ పెట్టాడు. అప్పుడు అమెరికాలో సైకిలు పిచ్చి మంచి ఊపు మీద ఉంది. నాలుగైదేళ్లు గడిచేసరికి ఆ గాలి దిగిపోయింది, చాలా కంపెనీలు కొట్టుకుపోయాయి. ఇగ్నాజ్ మిగిలాడు. మధ్యలో మోటారు సైకిళ్లు కూడా చేశాడు. 1929 తర్వాత దేశమంతా దివాలా తీస్తుంటే 1931లో వాటిని ఆపేసి, మళ్లీ సైకిలు మీదికే వచ్చాడు.

ఈ ఇంటి అసలు కథ రెండో తరంతో మొదలవుతుంది. ఇగ్నాజ్ కొడుకు ఫ్రాంక్ డబ్ల్యూ ష్విన్. ఆ రోజుల్లో అమెరికా సైకిలు టైరు సన్నంగా ఉండేది, ఇట్టే పగిలిపోయేది. రాళ్ల రోడ్లమీద పిల్లకాయలు తొక్కితే ఎన్నాళ్లుంటుంది? ఫ్రాంక్ ఐరోపాలో లావు టైర్లు చూసొచ్చి, 1933లో అలాంటి టైర్లతో సైకిలు దింపాడు. పిల్లలు మెట్లమీద నుంచి దూకించినా తట్టుకునే సైకిలు. కొన్నేళ్లకే మిగతా కంపెనీలన్నీ అదే బాట పట్టాయి. 1950ల మొదట్లో అమెరికాలో అమ్ముడయ్యే ప్రతి నాలుగు సైకిళ్లలో దాదాపు ఒకటి ష్విన్‌దే.

అసలు రుచి 1963లో ఉంది. కాలిఫోర్నియాలో పిల్లలు చిన్న సైకిళ్లకు ఆంబోతు కొమ్ముల్లాంటి ఎత్తు హ్యాండిళ్లు, అరటికాయ ఆకారంలో పొడుగు సీట్లు బిగించుకుని తిరుగుతున్నారని షికాగోకు కబురొచ్చింది. మోటారు సైకిలు నడుపుతున్నట్టు వాళ్ల సరదా. ష్విన్‌లో ఇంజనీరు అల్ ఫ్రిట్జ్ ఆ కబురు విని నవ్వి ఊరుకోలేదు. పిల్లలు వీధిలో చేసుకున్నదాన్నే ఫ్యాక్టరీలో చేయించాడు. కంపెనీలో కొందరు దాన్ని చూసి ఇదేం వికారం అన్నారట. స్టింగ్-రే అని పేరు పెట్టి వదిలారు. ఆ పదేళ్లలో అమెరికా పిల్లలు ఎక్కువగా కోరుకున్న సైకిలు అదే. గట్టిగా చూస్తే ఫ్రిట్జ్ కనిపెట్టిందేమీ లేదు. తొక్కేవాళ్లు చేసుకున్న మరమ్మతును గౌరవించాడు, అంతే.

ఈ ముక్క మన తీరంలో అర్థమైనట్టు ఇంకెక్కడా అర్థం కాదేమో. మన పట్టపుపాలేల నుంచి చేపలు ఊళ్లకు తెచ్చిన సైకిలును గుర్తుచేసుకోండి. కంపెనీ నుంచి వచ్చిన సైకిలు కాదది. కంపెనీ ఇచ్చిన కారేజీ ఒక మనిషిని, ఒక సంచిని మోయడానికి సరిపోతుంది. ఐసు, చేపలు నింపిన పెట్టె బరువుకు అది వంగిపోతుంది. అందుకని కొన్న వారంలోనే దాన్ని పీకి పారేసి, కమ్మీలు వంచి, అతుకు పెట్టించి, ఇనప కారేజీ చేయించేవాళ్లు. ముందు ఫోర్కుకు ఇరుపక్కలా రెండు కమ్మీలు అదనం. పెట్టెను బిగించడానికి తాడు కాదు, పాత ట్యూబు చీల్చిన పట్టీలు. రబ్బరు లాగే కొద్దీ పట్టేస్తుంది. బ్రేకు కంటే ముఖ్యం రబ్బరు బుడ్డి హారను. ఊళ్లో అడుగుపెట్టగానే అది నొక్కితే ఆడవాళ్లు గిన్నెలతో బయటికి వచ్చేవాళ్లు.

అసలు శత్రువు బరువు కూడా కాదు, ఉప్పు. పెట్టెలోంచి కరిగిన ఐసు నీళ్లు చుక్కచుక్కగా వెనక రిమ్ము మీద పడతాయి. ఆ నీళ్లకు తోడు సముద్రపు గాలి. ముందు రిమ్ము మీది మెరుగు పొరలు పొరలుగా లేస్తుంది. తర్వాత చువ్వల కొసన ఉండే మరలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. చక్రం బెండు తీద్దామని చువ్వ తిప్పితే మర తిరగదు, చువ్వే తెగుతుంది. నెల్లూరు టౌనులో ఏళ్లు నడిచే చక్రం మైపాడు రోడ్డులో అందులో సగం కాలం కూడా నిలవదు. అందుకే ఆ సైకిళ్ల రిమ్ములకు వాడిన ఇంజను ఆయిలు పూసేవాళ్లు. మట్టి పట్టుకుని అసహ్యంగా ఉండేది, ప్యాంటు పాడయ్యేది. చేపలమ్మేవాడికి ప్యాంటు బెంగ లేదనుకోండి, లుంగీ పైకి మడిచి కట్టేవాడు.

గట్టి కారేజీ, దొడ్డు చువ్వలు, తుప్పు పట్టని మర. ఈ మూడూ చేసి, చేపలవాళ్లకూ పాలవాళ్లకూ ఉప్పు బస్తాలవాళ్లకూ అని ఒక సైకిలు మన తీరానికి పంపిన కంపెనీని నేను చూడలేదు. సోనీపట్ నుంచి ఆ నల్ల సైకిలే వచ్చేది. దాన్ని పనికొచ్చేలా చేసుకునే భారం కొన్నవాడిది, మేస్త్రీది.

ఆ ఖాళీలోకి వచ్చింది హోసూరు. 1980లో అక్కడి ఫ్యాక్టరీ నుంచి టీవీఎస్ 50 మోపెడ్ వచ్చింది. దాన్ని చూస్తే ఎవరో మన రోడ్ల మీద తిరిగి గీసినట్టే అనిపిస్తుంది. ముందు కాళ్ల దగ్గర బస్తా పెట్టుకునే ఖాళీ, వెనక పెట్టె కట్టుకునే జాగా, చెడిపోతే ఊళ్లోనే బాగుచేసే ఇంజను. రొయ్యల గుంటలు తవ్విన కాలం వచ్చేసరికి మేత బస్తాలు మోయడానికి గట్ల మీద అవే కనబడ్డాయి. చేపలవాడు సైకిలును వదిలి మోపెడ్ ఎక్కింది ఒక్క ఇంజను కోసమే అనుకుంటే సగమే చూసినట్టు. తన పనిని ఎరిగిన బండి అది.

మళ్లీ షికాగోకు. 1970లలో కాలిఫోర్నియాలోనే, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మారిన్ కొండల్లో కొందరు కుర్రాళ్లకు కొత్త సరదా పుట్టింది. కొండమీద నుంచి మట్టిదారుల్లో సైకిళ్లు కిందికి దొర్లించడం. గట్టి ఫ్రేము కావాలి, లావు టైరు కావాలి. పాత సామాన్ల కొట్లలో వెతికితే వాళ్లకు దొరికినవి ఏవనుకున్నారు? 1930లలో ఫ్రాంక్ ష్విన్ చేయించిన లావు టైర్ల సైకిళ్లే. వాటికి గేర్లు, మంచి బ్రేకులు తగిలించుకున్నారు. జో బ్రీజ్, టామ్ రిచీ లాంటివాళ్లు తర్వాత సొంతంగా ఫ్రేములు చేశారు. ఈనాడు మన పిల్లలు ఎంటీబీ అని పట్టుబట్టే మౌంటెన్ బైకు అలా పుట్టింది. తన తాత ఎముకల్లోంచి లేచిన సైకిలును ఆ ఇంటి నాలుగో తరం గుర్తుపట్టలేదు. గరుకు దారుల్లో పిల్లలు ఎగిరిదూకే బీఎంఎక్స్ సైకిళ్లను కూడా అంతకుముందే ప్రమాదమని పక్కన పెట్టారు. 1963లో వీధిలోంచి వచ్చిన కబురు విన్న చెవి, పదిహేనేళ్లు తిరిగేసరికి మూసుకుపోయింది.

ఎందుకు మూసుకుపోయింది? ఒక కారణం, బాగా నడవడమే. 1970ల మొదట్లో అమెరికాలో మళ్లీ సైకిలు పిచ్చి లేచింది. ష్విన్ ఏడాదికి పది లక్షలు దాటి అమ్మింది. కొట్టుకు వచ్చిన సరుకు వచ్చినట్టే పోతున్నప్పుడు కొనేవాణ్ణి ఏం కావాలని ఎవరు అడుగుతారు? పాత యంత్రాలు, బరువైన ఉక్కు ఫ్రేములు. వాళ్ల వార్సిటీ సైకిలు బాగా బరువు. విరగదు, అదే వాళ్ల గర్వం. తేలికగా ఉండే సైకిళ్లు ఐరోపా నుంచి, జపాన్ నుంచి వస్తుంటే ఈ ఇల్లు తన పేరును నమ్ముకుంది.

1979లో ఇగ్నాజ్ మునిమనవడు ఎడ్వర్డ్ ష్విన్ పగ్గాలు పట్టుకున్నాడు. ఆ మరుసటి ఏడే షికాగో కార్మికులు సమ్మెకు దిగారు. సమ్మె మూడు నెలలు సాగింది. ఇంటివాళ్లు దానికి చెప్పిన మందు ఫ్యాక్టరీని తరలించడం. 1981లో మిసిసిపి రాష్ట్రంలో గ్రీన్‌విల్ అనే ఊళ్లో కొత్త ఫ్యాక్టరీ పెట్టారు. కూలి తక్కువ. కానీ పెద్ద హైవేలకు దూరం, సైకిలు పని తెలిసిన చేతులు లేవు. పదేళ్లు తంటాలు పడి 1991లో దాన్నీ మూశారు. షికాగో ఫ్యాక్టరీ అప్పటికే పోయింది. కార్మికులదే తప్పని ఇంటివాళ్లు, ఇంటివాళ్లదే తప్పని కార్మికులు అన్నారు. నా మట్టుకు నాకు, చేసేవాళ్ల మీద కోపంతో చేయడాన్నే వదిలేసిన ఇల్లు అది.

మరి సైకిళ్లెవరు చేశారు? తైవాన్‌లో కింగ్ లియూ అనే ఆయన. రొయ్యల గుంటల మీద బతుకుతున్న మనవాళ్లకు ఈయన కథ నచ్చుతుంది. సైకిళ్లలోకి రాకముందు ఆయనకు మలుగు చేపల చెరువులుండేవి. ఒక తుఫాను వాటిని ఊడ్చుకుపోయింది. గుంట కొట్టుకుపోతే మనిషి ఏమవుతాడో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన 1972లో సైకిళ్ల ఫ్యాక్టరీ పెట్టాడు, పేరు జయంట్. మొదట్లో సరుకు నాసిగా ఉండేదట. నేర్చుకున్నాడు. షికాగో సమ్మె కాలంలో ష్విన్ అతనికి ఆర్డర్లు పెంచింది, డిజైన్లు పంపింది, ఇంజనీర్లను పంపింది. 1980ల నడుమకు వచ్చేసరికి ష్విన్ పేరుతో అమ్ముడయ్యే సైకిళ్లలో ఎక్కువ భాగం తైవాన్‌వే. తన చేయి లేకుండానే తన పేరు నడుస్తోందని ఇంటివాళ్లు మురిసిపోయారు. తర్వాత అంతా ఒక్కడి చేతిలో ఉండటం మంచిది కాదని భయపడి, 1987లో చైనాలో షెన్‌జెన్‌లోని మరో కంపెనీతో చేతులు కలిపారు. కింగ్ లియూ ఏడుస్తూ కూచోలేదు. ఆయన దగ్గర ఫ్యాక్టరీ ఉంది, పనివాళ్లున్నారు, అమెరికావాడికి ఏ సైకిలు కావాలో ష్విన్ డబ్బుతోనే నేర్చుకున్న విద్య ఉంది. జయంట్ అని తన పేరే సైకిలు మీద వేసుకుని అమెరికాలో దిగాడు. తొంభైల నుంచి ప్రపంచంలోని పెద్ద సైకిలు కంపెనీల్లో అదొకటి.

ష్విన్ కుటుంబం 1992 అక్టోబరులో దివాలా అర్జీ పెట్టింది. మరుసటి ఏడు కంపెనీ వేరేవాళ్ల చేతికి పోయింది. 2001లో మళ్లీ దివాలా, మళ్లీ అమ్మకం. ఇప్పుడా పేరు ఒక డచ్ సంస్థది. ష్విన్ అని రాసిన సైకిలు ఇవాళ కూడా కొనవచ్చు. ఆ రాతకూ ఆ ఇంటికీ సంబంధం లేదు.

ఇక అట్లాస్. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక, ర్యాలీలూ హంబర్లూ ఇంగ్లండు నుంచి రాకుండా దిగుమతులు బిగించాక, మన సైకిలు మనమే చేసుకోవాలన్న కాలం వచ్చింది. చెన్నై అంబత్తూరులో 1949లో టీఐ సైకిల్స్, బెంగాల్ ఆసన్‌సోల్‌లో సెన్-ర్యాలీ, 1951లో సోనీపట్‌లో జానకీదాస్ కపూర్ పెట్టిన అట్లాస్, 1956లో ముంజాల్ అన్నదమ్ములు లూధియానాలో పెట్టిన హీరో. అన్నిటి వెనకా కుటుంబాలే. అట్లాస్ తొలి ఏడాదిలో 12,000 సైకిళ్లు చేసింది. అరవైల నడుమకు దేశంలో అతి పెద్దది అదే. 1982 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌కు సైకిళ్లు ఇచ్చింది. తర్వాత ఆ పెద్దరికం లూధియానాకు పోయింది. 1986లో హీరో ప్రపంచంలోనే అతి పెద్ద సైకిలు కంపెనీగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది.

2003లో కపూర్ ఇంట్లో పంపకాలు జరిగాయి. మూడు ఫ్యాక్టరీలు, మూడు కొమ్మలు. ఒకే పేరు మీద సైకిళ్లు, ముగ్గురి లెక్కలు. మన పల్లెల్లో అన్నదమ్ములు వేరుపడి పొలం మధ్య గట్టు పెట్టుకున్నా, బోరు ఒక్కటే అయితే ఏమవుతుందో మనకు తెలుసు. నీళ్లు ఎవరికీ సరిపోవు, మోటారు కాలిపోతే బాగుచేయించేవాడు ఉండడు. అక్కడ బోరు అంటే అట్లాస్ అన్న పేరు. అది పంచుకోవడానికి లేదు, వదులుకోవడానికీ లేదు. కొత్త యంత్రాలకు, కొత్త మోడళ్లకు డబ్బు పెట్టాల్సిన ఏళ్లన్నీ కోర్టుల చుట్టూ, బ్యాంకుల చుట్టూ తిరిగాయి.

మన దేశంలో ఇంకో సంగతి కూడా ఉంది. బడిపిల్లలకు ప్రభుత్వాలు పంచే సైకిళ్లు. మన రాష్ట్రంలో బడికొస్తా పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు ఇచ్చారు. తమిళనాడు, బీహారు మనకంటే ముందే మొదలుపెట్టాయి. ఆ పథకం ఆడపిల్లలకు చేసిన మేలు మాటల్లో చెప్పలేం. ఏడో తరగతితో ఆగిపోయేవాళ్లు పది దాకా వచ్చారు. కంపెనీలకు మాత్రం అదొక మత్తు. లక్షల సైకిళ్లకు ఒకే టెండరు. ఎవడు తక్కువకు వేస్తే వాడికి. డబ్బు ఎప్పుడొస్తుందో దేవుడికి తెలియాలి. పైగా ఆ సైకిలు కొనేది సర్కారు, తొక్కేది పిల్ల. సీటు ఎత్తు గురించి, బ్రేకు గురించి ఆ పిల్ల చెప్పే మాట టెండరు కాగితంలో ఎక్కడా ఉండదు. సైకిలు ఎన్నికల గుర్తు కూడా కాబట్టి ఈ విషయం ఇంతటితో ఆపుతాను. రేడియోవాళ్లకు ఇబ్బంది కలిగించకూడదు.

సైకిలు మీద గౌరవం ఎలా ఉండాలో మన తీరమే ఒకప్పుడు చూపించింది. విడవలూరు దగ్గర అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారు 1952లో రాజ్యసభ సభ్యుడై, కమ్యూనిస్టు పక్ష నాయకుడిగా ఉంటూ పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవారు. భూస్వామి ఇంట్లో పుట్టిన మనిషికి కారు దొరక్క కాదు. ఆయన సైకిలును ఈనాటికీ చెప్పుకుంటాం. అయితే పేదవాడి గుర్తుగానే చెప్పుకుంటాం. కంపెనీలు కూడా అక్కడే ఆగిపోయాయని నా అనుమానం. పేదవాడి బండి కదా, ఎలా ఉన్నా కొంటాడులే అనుకున్నాయి. పేదవాడు రూపాయి రూపాయి లెక్కేసుకుని, మోపెడ్‌కు కంతులు కట్టడం మొదలుపెట్టాడు.

ఈ ప్రసంగం రాసుకునే ముందు మైపాడు రోడ్డులో ఒక పాత సైకిళ్ల మేస్త్రీ దగ్గర కాసేపు కూచున్నాను. అద్దె సైకిళ్లు గంటకు ఇంత అని ఇచ్చిన కాలం నుంచి ఉన్నాడాయన. ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి పిల్లల గేరు సైకిళ్లు. లావు టైర్లు, రంగురంగుల ఫ్రేములు. మారిన్ కొండల సరదా తిరిగి తిరిగి మన ఇసక రోడ్డుకు వచ్చిందన్నమాట. వాటి పని ఎలా ఉందని అడిగాను.

"గేర్లు ఆర్నెల్లబ్బయా. ఇసకా ఉప్పుగాలీ కలిసి చైను బిగుసుకుపోద్ది. తల్లిదండ్రులు తెచ్చి తిడతారు. గేర్లు మొత్తం ఊడదీసి మామూలు ఫ్రీవీలు ఏసిస్తా. ఇంక రెండేళ్లు నా దగ్గరికి రారు."

"కంపెనీవాళ్లకు ఈ మాట ఎప్పుడైనా చెప్పావా మేస్త్రీ?"

"వాళ్లు డీలరు కాడికి వొస్తారు. ఏసీలో కూచోని పోతారు. ఈ ఎండలోకి ఎందుకొస్తారు?"

మరి ఊడదీసిన గేర్లేం చేస్తావని అడిగాను. పాత ఇనుం అతను నెలకోసారి వచ్చి కిలోల లెక్కన తూకం వేసుకుని పోతాడట. మొన్న రేటు తగ్గించాడని, దాని మీద ఇద్దరికీ పెద్ద గొడవైందని చెప్పుకొచ్చాడు.